క్యారేజీ బరువు

బ్రిడ్జి వంగుతుందని ఆ వేసవి దాకా నాకు తెలియదు. ఇరవై ఏళ్ళకు పైగా పత్రికలో పనిచేస్తున్నాను. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తడం, వరదకు గట్లు తెగడం, మంత్రులు రోడ్లకు కొబ్బరికాయలు కొట్టడం రాశాను. కాంక్రీటు అంటే కదలనిది అనే అనుకునేవాణ్ణి.

మా ఊరి బయట బైపాస్ పని సాగుతోంది. వరి చేల మీదుగా మట్టికట్ట వచ్చి కాలువ దగ్గర ఆగింది. కాలువ మీద బ్రిడ్జి కడుతున్న కంపెనీలో మా తమ్ముడు మురళీకృష్ణ సైట్ ఇంజనీరు. ఆ దూలాలు దగ్గరుండి పోయించింది వాడే.

కట్టేవాళ్ళు ఒకరు, కట్టినది సరిగా ఉందో లేదో చూసేవాళ్ళు మరొకరు. ఈ రెండోవాళ్ళని ఇండిపెండెంట్ ఇంజనీర్లంటారు. వాళ్ళు కంపెనీ మాట వినక్కర్లేదు. ఊరి మాట అసలే వినక్కర్లేదు. మా బ్రిడ్జికి వచ్చినావిడ పేరు హెలెన్. భీమవరం వైపు మనిషి. నలభై లోపే ఉంటుంది. మిషన్ స్కూలు వెనక గది అద్దెకు తీసుకుంది. రోజూ స్కూటీ మీద మా ఇంటి ముందు నుంచే సైటుకు వెళ్ళేది.

ఇంటి ముందు నుంచి వెళ్ళే మనిషిని మా అమ్మ నూకరత్నం పలకరించకుండా వదలదు.

"ఏమ్మా, ఎండలో పడి పోతున్నావు. మజ్జిగ తాగి వెళ్ళు."

హెలెన్ స్కూటీ ఆపింది. కాలు నేల మీద పెట్టింది గాని దిగలేదు. "వద్దు ఆంటీ. బ్రిడ్జి పని అయ్యాక తాగుతాను."

"మజ్జిగకీ బ్రిడ్జికీ ఏంటమ్మా సంబంధం?"

"మీ అబ్బాయి కట్టాడు కదండీ. నేను చూడాలి."

"వాడు కడితే కట్టాడు. మజ్జిగ నేను చేశాను."

హెలెన్ నవ్వింది. స్కూటీకి తగిలించిన నీళ్ళ సీసా చూపించి వెళ్ళిపోయింది.

మర్నాడు అమ్మ కాఫీ అంది. ఆ తర్వాత ముంజలంది. ఇంకో రోజు పనసతొనలు పళ్ళెంలో పెట్టుకుని గేటు దగ్గరే నిలబడింది. "అత్తయ్యా, మీ పళ్ళెంలోది మారుతోంది గాని ఆవిడ జవాబు మారట్లేదు" అంది నా భార్య పావని.

మురళికి ఇది నచ్చలేదు. "అమ్మా, ఆవిడని పిలవకు. మా క్యాంపులో టీ కూడా ముట్టదు. ఉదయభాస్కర్ గారి పుట్టినరోజున కేకు ఇస్తే చేతులు జోడించి వెళ్ళిపోయింది." ఉదయభాస్కర్ వాళ్ళ ప్రాజెక్టు మేనేజరు.

"కేకు వేరు. ఇంటికి పిలిచి పెట్టడం వేరు."

"ఆవిడకి రెండూ ఒకటే."

అమ్మ ఆ సాయంత్రం పెరట్లో బియ్యం చెరుగుతూ నాతో అంది. "పెద్దోడా, మీ నాయనమ్మ ఉన్న రోజుల్లో కోతలకొచ్చిన వాళ్ళని అరుగు కింద నిలబెట్టి దోసిట్లో నీళ్ళు పోసేది. చెంబు తగలనిచ్చేది కాదు. కోడలిగా వచ్చిన కొత్తలో నేనూ అలాగే పోశాను. ఈ పిల్ల పేరు హెలెన్ కదా. వాళ్ళ అమ్మో నాన్నో అలా తాగి ఉంటారు. అది మనసులో పెట్టుకుని తాగట్లేదేమోరా."

"అదేం కాదమ్మా. రూలు."

"రూలైతే అంత మర్యాదగా నవ్వదు" అంది అమ్మ.

ఏప్రిల్, మే నెలల్లో మా కాలువలు కట్టేస్తారు. బ్యారేజీ దగ్గర నీళ్ళు ఆపేస్తే డెల్టా అంతా కాలువలు ఎండి అడుగు కనపడుతుంది. పూడిక తీసినా, తూము కట్టినా, కాలువలో దిగి ఏం చేసినా ఆ రోజుల్లోనే. జూన్‌లో నీళ్ళు వదిలితే ఇక మళ్ళీ వేసవి దాకా ఆగాలి. బ్రిడ్జి పరీక్ష కూడా ఆలోపే అవ్వాలి. పరికరాలు నిలబెట్టేది కాలువ అడుగునే.

పరీక్ష ఎలా ఉంటుందో మురళి అన్నం తింటూ చెప్పాడు. ఇసక నింపిన టిప్పర్లు బ్రిడ్జి మీద నిలబెడతారు. ఒక రోజంతా కదపరు. ఎంత వంగిందో చూస్తారు. తర్వాత టిప్పర్లు దించేసి ఇంకో రోజు ఆగి ఎంత లేచిందో చూస్తారు.

"కాంక్రీటు వంగుతుందేంట్రా?" అన్నాను.

"వంగాలి అన్నయ్యా. వంగడం తప్పు కాదు. తిరిగి లేవకపోతే తప్పు."

"లేవకపోతే?" అంది అమ్మ.

"ఇంకొక్కసారి చెయ్యనిస్తారు. అప్పుడూ లేవకపోతే పగలగొట్టిస్తారు." మురళి మజ్జిగ పోసుకున్నాడు. "పోయించింది నేను. తర్వాత నాకు ఎవడూ సిమెంటు బస్తా కూడా అప్పజెప్పడు."

ఆ వార్త నేను రాయకూడదు గనక వేరే వాళ్ళని పంపమని ఆఫీసులో చెప్పాను. పరీక్ష రోజు పొద్దున్నే అన్నగా వెళ్ళాను. అమ్మ అప్పటికే కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఏమీ లేదు. "ఊరికే, చూద్దామని" అంది.

కాలువ అడుగున ఇనప గొట్టాలతో మంచె కట్టారు. మంచె నుంచి గట్టు వార దాకా అడ్డంగా పొడుగు పైపు వేశారు. ఆ పైపు బ్రిడ్జిని ఎక్కడా తాకదు. పైపుకి గడియారంలాంటి గేజీ బిగించారు. గేజీ పుల్ల ఒక్కటే దూలం అడుగుని తాకుతుంది. దూలం దిగితే పుల్ల లోపలికి పోతుంది, ముల్లు తిరుగుతుంది. గాలి, ఎండ తగలకుండా చుట్టూ ఆకుపచ్చ వల కట్టారు. హెలెన్ మంచె ఎక్కి ముల్లుని సున్నా దగ్గర పెట్టింది. తర్వాత చెయ్యి ఊపింది.

మొదటి టిప్పరు వెనక్కి నడుచుకుంటూ బ్రిడ్జి మీదకు వచ్చింది. నేను కింద నిలబడి ఉన్నాను. చప్పుడు లేదు, దుమ్ము రాలలేదు. దూలం వైపు చూస్తే ఏమీ జరిగినట్టు లేదు.

"ఇలా రండి" అంది హెలెన్. "మీ వార్తకి కాదు. చూడ్డానికే."

మంచె ఎక్కి గేజీ చూశాను. ముల్లు నడుస్తోంది. రెండో టిప్పరు వచ్చింది. ముల్లు ఇంకా నడిచింది. నా తల మీద మూరెడు ఎత్తులో, ఇటు గట్టు నుంచి అటు గట్టు దాకా పరచుకున్న కాంక్రీటు కిందికి దిగుతోంది. దిగుతోందని ఈ ముల్లుకి తప్ప ఎవరికీ తెలియదు. ఎనిమిది టిప్పర్లూ ఎక్కేసరికి ఏడు మిల్లీమీటర్లు దిగింది. నేను చెయ్యి ఎత్తబోయి ఆగాను.

"ముట్టుకోవాలనిపిస్తుందండి" అంది హెలెన్. "నాకూ. ఇది పదకొండో బ్రిడ్జి."

మధ్యాహ్నం అమ్మ గిన్నెల క్యారేజీ పట్టుకుని ఆవిడ దగ్గరకు వచ్చింది. స్టీలుది, అయిదు గిన్నెలది, ఒకప్పుడు మా నాన్నకి పొలానికి అన్నం పంపేది.

"మామిడికాయ పప్పు, రొయ్యల ఇగురు. నీకోసం వండానమ్మా. ఇక్కడ ఎవరూ చూడరు."

"అందుకే ఆంటీ" అంది హెలెన్. "ఎవరూ చూడనప్పుడే తినకూడదు."

"మా ఇంటిదనేగా నువ్వు తిననిది?"

హెలెన్ ఒక క్షణం అమ్మ మొహం చూసింది. "బ్రిడ్జి అయ్యాక నేనే వస్తాను. పిలవక్కర్లేదు."

అమ్మ క్యారేజీ తీసుకుని ఇంటికి వచ్చింది. మూత తియ్యలేదు. సాయంత్రానికి రొయ్యలు పాడైతే పావని పారబోసింది.

మర్నాడు పొద్దున్న టిప్పర్లు దించారు. ఆ మర్నాడు గడువు పూర్తయ్యాక హెలెన్ గేజీ చూసింది. ముల్లు వెనక్కి వచ్చింది గాని రావాల్సినంత రాలేదు. దాదాపు రెండు మిల్లీమీటర్లు మిగిలిపోయింది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"సార్, సరిపోలేదు."

ఉదయభాస్కర్ ఎండ అన్నాడు. గాలి అన్నాడు. గేజీ పాతదన్నాడు. హెలెన్ ప్రతిదానికీ "చూశానండి" అంది. మురళి మాత్రం దూలం కింద నిలబడి పైకి చూస్తూ ఉన్నాడు. తను పోయించిన కాంక్రీటు తనకు చెప్పకుండా దాచిందేదో అక్కడ కనపడుతుందన్నట్టు.

ఆ సాయంత్రం ఇంట్లో వాడు అన్నం ముందు కూర్చుని కలపలేదు. "అన్ని పాళ్ళూ చూశాను అన్నయ్యా. ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు."

అమ్మ వడ్డిస్తూ అడిగింది. "ఆ అడ్డ పైపు దేనికిరా?"

"దానికేగా గేజీ బిగించింది. పైపు కదలకూడదు. పైపు కదిలితే లెక్క మొత్తం పోతుంది."

"గట్టు వార ఉన్న పైపేనా? వల వెనకది?"

"అదే."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "క్యారేజీ దానికే తగిలించానురా."

నేనూ మురళీ పావనీ అమ్మ వైపు చూశాం.

"తెల్లారేసరికి వెళ్ళాను. కింద పెడితే చీమలు పడతాయి. ఉట్టిలా వాటంగా కనపడింది. మజ్జిగ గిన్నె తొణక్కుండా ఉంటుందని తగిలించి గట్టు మీద కూర్చున్నాను. మళ్ళీ మధ్యాహ్నం తీశాను."

మురళి కంచం ముందు నుంచి లేచాడు. క్యారేజీ బరువుకి పైపు కాస్త వంగింది. దాంతో పాటే గేజీ కూడా దిగింది. హెలెన్ సున్నా పెట్టింది అప్పుడు. మధ్యాహ్నం క్యారేజీ తీసేస్తే పైపు తన చోటికి లేచింది. లేచినంతా బ్రిడ్జి దిగినట్టు ముల్లు చూపించింది, టిప్పర్లు దించాక మిగిలిపోయింది అదే. ఇదంతా వాడు గోడ మీద వేలితో గీసి చెప్పాడు. చెప్పి వెంటనే అన్నాడు. "ఎవరితోనూ అనకు."

"ఎందుకనకూడదు? బ్రిడ్జి తప్పు లేదుగా!"

"కట్టినవాడి అమ్మ, పరీక్ష చేసే ఆవిడకి క్యారేజీ తెచ్చింది. పరీక్ష పోయాక, నా క్యారేజీ వల్లే పోయిందని చెప్తోంది. ఎవరు నమ్ముతారమ్మా? నువ్వు నమ్ముతావా?"

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు పేపరోడివి. నువ్వు చెప్పు."

"నేనైతే నమ్మనమ్మా" అన్నాను. "కానీ చెప్పకపోతే ఆవిడ రెండో పరీక్షే ఆఖరిదనుకుని చేస్తుంది. మొదటిది ఎందుకు పోయిందో తెలియకుండా."

అమ్మ క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి బోర్లించింది. 

పొద్దున్నే ఖాళీ క్యారేజీ పట్టుకుని సైటుకు నడిచింది. వెనకే మేం వెళ్ళాం. హెలెన్, ఉదయభాస్కర్ మంచె దగ్గర ఉన్నారు. కాపలా ఉండే బుల్లియ్య కూడా ఉన్నాడు. అమ్మ మాకు చెప్పినట్టే చెప్పింది. చీమల సంగతి కూడా వదల్లేదు.

ఉదయభాస్కర్ నవ్వాడు. "అమ్మగారూ, కొడుకు మీద ప్రేమ ఉండాలి. కానీ మరీ ఇంత కథా?"

"బాబూ, నాకు కథలు రావండి. వంటొచ్చు."

హెలెన్ నవ్వలేదు. "బుల్లియ్య గారూ, మీరు చూశారా?"

"ఆయ్, చూశానండి. తగిలిస్తుంటే నేనే చెప్పాను, పక్కకి జరపండమ్మా, అక్కడ ఎండ తగుల్తాదని."

హెలెన్ పైపుని చూసింది. క్యారేజీని చూసింది. తర్వాత అమ్మతో అంది. "ఆంటీ, ఆ రోజు ఏమేం పెట్టారు?"

"అన్నం, మామిడికాయ పప్పు, రొయ్యల ఇగురు, చారు, మజ్జిగ."

"ఇంటికి వెళ్ళి అదంతా మళ్ళీ వండండి. అంతే అన్నం, అంతే పప్పు. ఒక్క గరిటె ఎక్కువ వద్దు."

ఆ వేసవిలో అమ్మని ఆవిడ అన్నం అడగడం అదే మొదలు. అమ్మ నడిచి రాలేదు, పరుగున వచ్చింది. పావని రొయ్యలు ఒలిచింది. నేను మామిడికాయలు తరిగాను. అమ్మ చారు పోస్తూ, "ఆ రోజు ఇంకాస్త ఉంది" అని మళ్ళీ పోసింది. తన చేతి కొలత మీద అంత శ్రద్ధ ఆవిడ పెళ్ళిళ్ళ వంటల్లో కూడా పెట్టి ఉండదు.

క్యారేజీ సైటుకు చేరింది. హెలెన్ గేజీ సున్నా దగ్గర పెట్టి, అందరినీ మంచె చుట్టూ రమ్మంది. "ఎక్కడ తగిలించారో అక్కడే తగిలించండి."

అమ్మ వల పక్కకు జరిపి క్యారేజీ పైపుకి తగిలించి చెయ్యి తీసింది.

ముల్లు కదిలింది.

 ఇసక టిప్పర్లు ఎనిమిది ఎక్కితే ఏడు మిల్లీమీటర్లు. అయిదు గిన్నెల అన్నానికి దాదాపు రెండు. ముల్లుకి ఏది బ్రిడ్జో ఏది పప్పో తెలియదు. అది చూసింది చూసినట్టు చెప్పింది. ముప్ఫై మందిని ప్రశ్నలడిగి నిజం రాబట్టాననుకునే నేను, దాని ముందు నోరు మెదపలేదు.

"తియ్యండి" అంది హెలెన్. అమ్మ తీసింది. ముల్లు వెనక్కి వచ్చింది.

"ఇంకేం మేడం!" ఉదయభాస్కర్ మొహం వికసించింది. "మిగిలిన రెండూ ఇవే. తీసేస్తే సరిపోయింది. ఇవాళే సంతకం పెట్టెయ్యండి."

"పప్పన్నం తీసివేసి బ్రిడ్జికి మార్కులు వెయ్యలేను సార్. మొదటిది చెల్లదు. మళ్ళీ పెడదాం."

"నీళ్ళు వదులుతున్నారండీ! ధవళేశ్వరం నుంచి ఫోన్ వచ్చింది."

"ఎప్పుడు?"

"ఎల్లుండి వదిలితే ఆ మర్నాటికి ఇక్కడికి వచ్చేస్తాయి."

"అయితే రేపు తెల్లారే టిప్పర్లు ఎక్కించండి."

హెలెన్ క్యారేజీ వైపు చూడకుండా తన సీసా తీసుకుని నీళ్ళు తాగింది. ఆ అన్నం బుల్లియ్య, ఇద్దరు డ్రైవర్లు తిన్నారు. "ఇగురు అదిరిందండి" అన్నాడు బుల్లియ్య. అమ్మ తల ఊపింది గాని ఆవిడ చూపు హెలెన్ సీసా మీదే ఉంది.

రెండో పరీక్షకి ఊరు ఊరంతా వచ్చింది. అమ్మ రోడ్డు మలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. డ్రైవర్లకి మజ్జిగ తెచ్చిన ఆడవాళ్ళని ముందుకు పోనివ్వలేదు.

"ఎండలో ఉన్నారొదినా, పాపం!"

"ఉండనీ. ఏదీ తీసుకెళ్ళకండి. ఏదీ ఎక్కడా తగిలించకండి. గిన్నెలతో వచ్చినోళ్ళు గిన్నెలతో వెనక్కి."

"నీ కొడుకు బ్రిడ్జని మాకు మజ్జిగ కూడా నిషేధమా?"

"నాకే నిషేధం. నీకెంత!"

టిప్పర్లు ఎక్కాయి. ముల్లు నడిచింది. మర్నాడు టిప్పర్లు దిగాయి. ముల్లు వెనక్కి తిరగడం మొదలైంది. ఆఖరి లెక్క ఆ పై రోజు పొద్దున్న.

ఆ పొద్దున్న గట్టు మీద నిలబడితే ఎగువ నుంచి కొంగలు నడిచి వస్తూ కనపడ్డాయి. ఎగరలేదు, నడిచాయి. వాటి వెనక నేల నల్లబడుతోంది. నీళ్ళు. ముందు తడి గీతలా వచ్చింది. తర్వాత నురగ, ఎండాకులు, ఒక రబ్బరు చెప్పు. రెండు నెలలు ఎండిన కాలువ అడుగున ప్రతి పగులులోనూ నిండి, ఒక క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. గోదావరి మా ఊరికి నడిచి వచ్చినట్టుంది. పుట్టిన దగ్గర నుంచీ ఈ ఊళ్ళో ఉండి, నీళ్ళు వచ్చిన రోజు నేను కాలువ దగ్గర నిలబడింది అదే మొదటిసారి.

హెలెన్ మంచె మీద ఉంది. నీళ్ళు మంచె కాళ్ళని తాకితే గేజీ వణుకుతుంది.

"మేడం, ఇప్పుడే చదివెయ్యండి!" ఉదయభాస్కర్ గట్టు మీద నుంచి అరిచాడు.

"టైము కాలేదు సార్."

"కాసేపట్లో ఏం మారుతుందండీ?"

ఆవిడ ముల్లు మీద నుంచి కళ్ళు తియ్యలేదు. మురళి గట్టు దిగబోయాడు. రావద్దని చెయ్యి చూపింది. వాడు అక్కడే చతికిలబడ్డాడు. బుల్లియ్య పారతో నీళ్ళకి అడ్డంగా మట్టి వేస్తున్నాడు. నీళ్ళు దాని చుట్టూ తిరిగి వచ్చాయి. ఊరంతా గట్టు మీద ఉంది. ఎవరూ దగ్గలేదు. నేను నీళ్ళని చూశాను, ముల్లు కనపడదు గనక ఆవిడ మొహం చూశాను.

ఆవిడ వాచీ చూసుకుంది. గేజీ మీదకు వంగింది. చూసింది. ఫోన్‌తో ఫోటో తీసింది. మళ్ళీ చూసింది. గేజీ విప్పి చున్నీలో చుట్టుకుని కిందకు దిగింది. నీళ్ళు అప్పుడు ఆవిడ చెప్పులు దాటి చీలమండల దాకా వచ్చాయి.

గట్టు ఎక్కి మురళి ముందు ఆగింది. "లేచిందండి."

"ఎంత మిగిలింది?" అన్నాడు మురళి.

హెలెన్ బొటనవేలి గోరు అంచు చూపించింది.

రోడ్డు మలుపు దగ్గర కుర్చీలో ఉన్న అమ్మకి పావని వెళ్ళి చెప్పింది. అమ్మ లేవలేదట. "గేజీ విప్పేశారా?" అని అడిగిందట. విప్పేశారని చెప్పాక లేచిందట.

రిపోర్టు పంపేశాక ఒక ఆదివారం చర్చి నుంచి హెలెన్ మా ఇంటికి వచ్చింది. పిలవలేదు. గేటు దగ్గర స్కూటీ దిగి, "ఆంటీ, ఆకలేస్తోంది" అంది. అమ్మ ఆవిడ పక్కనే కంచం పెట్టుకుని కూర్చుంది. మా ఇంట్లో అమ్మ అందరూ తిన్నాక గాని తినదు.

"మొదటి పరీక్ష ఎందుకు చెల్లలేదో రాశావా?"

"రాశానండి. స్థానిక మహిళ ఒకరు పైపుకు భోజనం క్యారేజీ తగిలించారని."

"పేరు రాయలేదా?"

"లేదండి."

"కూర?"

"లేదండి."

అమ్మకి అది నచ్చలేదు. కాసేపటికి చెంబుతో నీళ్ళు హెలెన్ గ్లాసులో పోస్తూ అంది. "నువ్వు తాగకపోతే నేనింకోటి అనుకున్నానమ్మా."

"తెలుసు ఆంటీ." హెలెన్ గ్లాసు ఎత్తి తాగింది. "మా నాన్న చెప్పేవారు."

ఏం చెప్పేవారో అమ్మ అడగలేదు. హెలెన్ చెప్పలేదు. అమ్మ మళ్ళీ గ్లాసు నింపింది.

వానాకాలం వెళ్ళాక మురళి కంపెనీ మానేశాడు. హెలెన్ చేసే పనే వాడూ చేస్తున్నాడు. ఇప్పుడు ఒడిశాలో ఏదో నది మీద ఉన్నాడు. తన వంట తనే చేసుకుంటాడు. నిన్న ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెట్టింది. వాడు ఉంటున్న వీధిలో ఒక పెద్దావిడ రోజూ అప్పాలు తెచ్చి గుమ్మంలో నిలబడుతోందట. వాళ్ళ అల్లుడు ఆ బ్రిడ్జి మీదే పనిచేస్తాడట.

"తీసుకోకురా" అంది అమ్మ. "నవ్వి వద్దను. నీ సీసా చూపించు."

ఫోన్ పెట్టేసింది. తర్వాత నాతో అంది. "పాపం, రోజూ వస్తోందంట. ఆవిడ నంబరు పంపించమను. ఏ భాషయితేనేం, నేను మాట్లాడతాను."